ఏడో గది టపా

పాత ఆడజైలు గోడ పక్కగా చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవారు. అవతలి పక్క మురుగు కాలువ. అయినా సరే. కాలువలో కాలు పడితే కడుక్కోవచ్చు. ఆ గోడ దగ్గర ఏదైనా అంటుకుంటే దేంతో కడుక్కోవాలి?

జైలు మూతపడి ముప్ఫయ్యేళ్లు దాటింది. ఒకప్పుడు సర్కారుని ఎదిరించిన ఆడవాళ్లని అక్కడ ఉంచేవారు. కరపత్రాలు అచ్చువేసినవాళ్లు, సమ్మె చేయించినవాళ్లు, అలాంటివాళ్లకి అన్నం పెట్టినవాళ్లు. మూడో వరసలో ఒంటరి గదులు ఎనిమిది. అందులో ఏడో గదికి చెడ్డపేరు.

పొద్దుగూకాక ఆ గదిలో గోడ మోగుతుందని చెప్పుకునేవారు. తలుపు తీయమని బాదినట్టు కాదు... కోపంగా గుద్దినట్టూ కాదు. లెక్కపెట్టి కొట్టినట్టు. కొడుతుంది — ఆగుతుంది. మళ్లీ కొడుతుంది... ఆగుతుంది.

"కొట్టడానికి నేను భయపడను. ఆ ఆగడం ఉంది చూశారూ, దానికే నాకు ఒణుకు. మనం ఏదో చెప్పాలని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది" అనేవాడు గేటు కాపలావాడు. ఏడాదిలో అతను అయిదోవాడు. అందరూ అతన్ని సగంనిద్ర అని పిలిచేవారు.

మరి లోపలికి వెళ్లి చూడలేదా అంటే, "నన్ను పెట్టింది గేటుకి కదండీ. గేటు భద్రంగానే ఉంది" అనేవాడు.

అలాంటి గదిలోకి ఓ సాయంత్రం ఒంటరిగా వెళ్లాల్సివచ్చింది రంగుల మేస్త్రమ్మకి.

ఆ జైలుని మ్యూజియం చేస్తున్నారు. గోడలు గీకి, పుట్టీ పెట్టి, సున్నం వేసే పని ఆమెది. ఎల్లుండి తలుపులు తెరుస్తారు. ఏడు గదులు అయిపోయాయి, ఒక్క ఏడోది మిగిలింది. ఈ రాత్రి పుట్టీ పెడితేనే రేపటికి ఆరుతుంది. ఆమె కింద పనిచేసే ఇద్దరు ఆడవాళ్లూ ఆరు కాగానే బకెట్లు కడిగేసుకున్నారు.

"అక్కా, ఇంకేమైనా చెప్పు చేస్తాం. ఏడు మాత్రం మా వల్ల కాదు."

"పొండే పిరికి మొహాల్లారా! దెయ్యం ఉంటే మంచిదేగా, నిచ్చెన పట్టుకోమంటాను" అంది మేస్త్రమ్మ.

నోటికేం, ఎంతైనా అంటుంది. కానీ ఆమె మనసు ఆ గదిలో లేదు, దెయ్యం మీదా లేదు. ఇంట్లో మంచం మీద ఉంది.

నెల కిందట వాళ్లమ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. మొదట్లో పాలలో నానబెట్టిన రొట్టె నాలుగు ముక్కలు తినేది. తర్వాత రెండు. ఇప్పుడు మూడు రోజులుగా ఏమీ లేదు. చెంచా పెదవుల దాకా తీసుకెళితే మూతి బిగించేస్తుంది. డాక్టరు నిన్ననే చెప్పేశాడు — రేపటికి కూడా తినకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వెయ్యాలి, ఈ వయసులో ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను అని.

మింగలేక కాదు. నీళ్లు మింగుతోంది. తినకూడదని పట్టుబట్టినట్టు ఉంది. ఎందుకమ్మా అంటే మాట లేదు. ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొడుతుంది, అంతే.

ఆ కొట్టడం మేస్త్రమ్మకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అన్నానికి కూర్చుంటే చాలు, అమ్మ వెనక్కి వాలి గోడ మీద వేలి కణుపులతో కొట్టేది. నాలుగు... ఒకటి. నాలుగు... అయిదు. ఆరు... నాలుగు. కాసేపు ఆగి, ఎవరూ ఏమీ అనకపోతే అప్పుడు ముద్ద పెట్టుకునేది. చిన్నప్పుడు మేస్త్రమ్మ దాన్ని ఎక్కంలా అప్పజెప్పేది — నాలుగొకట్లు, నాలుగయిదులు, ఆరు నాలుగులు! వాళ్లమ్మ నవ్వేది కానీ, ఏమిటో చెప్పేది కాదు.

జైలు సంగతీ అంతే. ఇదే జైల్లో రెండున్నరేళ్లు ఉంది అమ్మ, పెళ్లికి ముందు. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని చేసేది, ఏవో కరపత్రాలు పేర్చినందుకు పట్టుకెళ్లారు. అంతకుమించి కూతురికి తెలియదు. ఈ పని ఒప్పుకున్న రోజున కూడా అడిగింది — ఏ గదిలో ఉండేదానివమ్మా? అమ్మ చాలాసేపు ఆలోచించి, "గోడలు మందం. పుట్టీ ఎక్కువే పడుతుంది" అంది. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే ఎక్కువ జవాబు వచ్చేదేమో అని విసుక్కుంది కూతురు.

ఇప్పుడు ఆ విసుగే ముల్లులా గుచ్చుకుంటోంది. అంతకంటే ఎక్కువగా ఇంకొకటి గుచ్చుకుంటోంది. నాలుగు రోజుల కిందట, రాత్రంతా టక్కు టక్కుమంటుంటే నిద్రపట్టక, అమ్మ చేతి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టింది. చప్పుడు రాకుండా. అమ్మ ఆమె వంక ఒక చూపు చూసింది... ఆ చూపు ఈ గదిలోకి కూడా వెంట వచ్చింది.

త్వరగా ముగించుకుని పోవాలి. పక్కింటి పిన్ని ఎనిమిది దాకానే కూర్చుంటానంది.

గదిలో ఒక్కటే బల్బు, తీగకి వేలాడుతోంది. మేస్త్రమ్మ గీకుడు రేకు తీసుకుని పాత సున్నం పొరలు రాల్చడం మొదలుపెట్టింది. పొర మీద పొర, మధ్యలో ఎక్కడో నీలం, దాని కింద బూడిద రంగు. దుమ్ముకి కళ్లు మండుతున్నాయి. రేకు ఒకచోట లోపలికి దిగింది.

చిన్న గుంట. నేల మీద కూర్చుంటే భుజం ఎత్తున ఉంది. ఉలితో చెక్కింది కాదు, గీకితే పడింది కాదు. మెట్టు అరిగినట్టు నున్నగా అరిగిపోయింది.

ఎదురుగోడ వైపు తిరిగి గీకింది. అక్కడా అదే ఎత్తున, అలాంటిదే ఇంకో గుంట.

ఆరో గదిలో ఇలాంటిది ఒక గోడకే ఉంది, ఎనిమిదిలోనూ ఒక గోడకే. ఆమే పూడ్చింది వాటిని. ఇక్కడ మాత్రం రెండు గోడలకీ... ఎందుకో. పోనీలే అనుకుని తాపీతో పుట్టీ తీసుకుని మొదటి గుంట దగ్గరికి వంగింది.

టక్. టక్. టక్. టక్.

తాపీ గాలిలోనే ఆగిపోయింది.

... టక్.

ఆరో గది వైపు గోడ. సరిగ్గా ఆ గుంట వెనక.

నాలుగు... అయిదు.

ఆరు...

నాలుగు.

దెయ్యమని భయపడలేదు మేస్త్రమ్మ. అంతకంటే ఘోరమైన భయం వేసింది. ఆ దెబ్బలు లోకంలో ఒక్క మనిషివే. ఆ మనిషి లేవలేదు, నడవలేదు, రెండు మైళ్ల అవతల మంచం మీద ఉంది... ఉండాలి. మరి ఇక్కడ కొడుతోందంటే...

"అమ్మా!" అంది.

ఫోను తీసింది. ఆ మందపు గోడల్లో ఫోను పలకదు. పరుగున వరండాలోకి వచ్చింది, అక్కడా పలకలేదు. కాళ్లు గేటు వైపు లాగుతున్నాయి. కానీ ఆరో గది తలుపు సందులోంచి సన్నటి వెలుగు. తాను ఆర్పి, గొళ్లెం పెట్టి వచ్చిన గది అది.

పోయిన అమ్మ అయినా సరే, అమ్మే కదా అనుకుంది. తలుపు తోసింది.

"ఎవరది?"

ముందు అడిగింది దెయ్యమే.

నేల మీద చాప పరుచుకుని, గోడకి భుజం ఆనించి కూర్చుని ఉంది ఒక ముసలావిడ. పక్కన టార్చిలైటు, చేతిసంచీ, నీళ్లసీసా. కళ్లజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది. మేస్త్రమ్మ కంటే ఆవిడే ఎక్కువ బెదిరిపోయి ఉంది.

"నేను... మేస్త్రినండీ. గోడల పని" అంది మేస్త్రమ్మ గోడ పట్టుకుని.

"హమ్మయ్య! దెయ్యం అనుకున్నా."

మరో రోజయితే మేస్త్రమ్మ పగలబడి నవ్వేది. ఆవిడ ఒకప్పుడు బడిపంతులమ్మట, ఇప్పుడు మ్యూజియం వాళ్లకి పాత సంగతులు చెప్పే మనిషట. అందుకని వెనక గేటు తాళం ఇచ్చారు. పగలంతా డ్రిల్లింగు గోల, పనివాళ్ల గోల. అందుకే సాయంత్రం వచ్చి కాసేపు కూర్చుని పోతుంది. అయిదుగురు కాపలావాళ్లని హడలగొట్టిన దెయ్యం, మోకాళ్లనొప్పులతో చాప మీద కూర్చున్న ఈ బడిపంతులమ్మ. కొండంత భయం వెనక ఇంత మనిషి.

మేస్త్రమ్మ మాత్రం గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది. "పెద్దమ్మా, ఇందాక మీరు కొట్టారు చూడండి... అది మీకెలా తెలుసు? అది మా అమ్మది."

ముసలావిడ టార్చి ఎత్తి ఆమె మొహం మీద వేసింది. చాలాసేపు దించలేదు.

"మీ అమ్మ ఇక్కడ ఉండేదా? ఏ గదిలో?"

"తెలీదండీ. చెప్పలేదు. గోడలు మందం అని మాత్రం చెప్పింది."

"ఎనిమిది..." అంది ఆవిడ. టార్చి చాప మీద పెట్టేసింది. "ఆ మాట ఇక్కడ కొట్టినవాళ్లం ముగ్గురమే. ఆరులో నేను. ఏడులో చిన్నది. నేను కాదు, అది కాదు. ఇంక ఎనిమిదే. బతికే ఉందా? నలభై ఏడేళ్లు వెతికానమ్మా. పేరు తెలియదు, మొహం చూడలేదు. గోడ మీద పేర్లు కొట్టకూడదని మా కట్టుబాటు. అంకెలే మా పేర్లు."

"అది మాటా? ఏం మాట?"

"బళ్లో అక్షరాలు దిద్దలేదూ? క ఖ గ ఘ ఙ, అది ఒకటో వరస. చ ఛ జ రెండోది. ట ఠ డ మూడోది. అలా లెక్కపెట్టుకో. ముందు వరస కొట్టాలి, తర్వాత అందులో ఎన్నో అక్షరమో కొట్టాలి. నాలుగు, ఒకటి?"

మేస్త్రమ్మ సున్నం వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "త... థ... అంటే 'త'."

"నాలుగు, అయిదు?"

"న."

"ఆరు, నాలుగు?"

"య, ర, ల... వ. తనవ? అంటే ఏమిటండీ, అర్థం లేదుగా?"

"గుణింతాలు, ఒత్తులు కూడా కొడితే వేళ్లు మిగులుతాయా? అవి వినేవాళ్లే వేసుకోవాలి. మళ్లీ అను."

"తనవ... తిన...వా..."

మేస్త్రమ్మ నోరు అలాగే ఉండిపోయింది.

తిన్నావా?

"మేం అన్నం మానేసి పోరాడిన రోజుల్లో పెట్టుకున్న ఒప్పందం అది" అంది ముసలావిడ. "ఒకరు తినకుండా ఒకరు తినకూడదు. ఒక్కొక్కరికీ విడివిడిగా వచ్చి, పక్కవాళ్లు తినేశారు నువ్వూ తిను అని అబద్ధాలు చెప్పేవాళ్లు. అందుకని గోడని అడిగేవాళ్లం. 'తిన్నా' అని జవాబు వస్తేనే ముద్ద ముట్టేవాళ్లం. పోరాటం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. నా దెబ్బ ఎనిమిదికి వినబడదు, మధ్యలో ఏడు ఉంది. చిన్నది నేను చెప్పింది విని అటు కొట్టేది, అటు చెప్పింది విని ఇటు కొట్టేది. టపా అని పిలిచేవాళ్లం దాన్ని. పదిహేడేళ్లది. చదువు రాదు. గోడ మీద కొట్టి కొట్టి అక్షరాలన్నీ మేమే నేర్పాం. ఒక్క అక్షరం మాత్రం ఎంత దిద్దినా తప్పే కొట్టేది, మొండిఘటం..."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"రెండో ఏడాది జ్వరంతో ఆ గదిలోనే పోయింది. నా తలుపు ముందు నుంచే తీసుకెళ్లారు. ఎనిమిదికి ఏం చెప్పారో! వేరే జైలుకి పంపామనే చెప్పి ఉంటారు. నేను చెబుదామంటే... టపా లేదుగా. ఆ తర్వాత రోజూ కొడుతూనే ఉన్నా. ఇప్పుడూ కొడుతున్నా. పిచ్చి. అటువైపు మనిషి లేకుండా టపా ఎవరికి మోస్తుంది?"

మేస్త్రమ్మ కూలబడిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. "పెద్దమ్మా, నెల్లాళ్లుగా మా అమ్మ మంచం మీద నుంచి అదే అడుగుతోంది. ఇన్నాళ్లూ జవాబు రాకపోయినా తినేది. ఇప్పుడు ఆ గదిలోనే ఉన్నాననుకుంటోంది కాబోలు, ఎవరూ జవాబు చెప్పలేదని తినడం మానేసింది. నేను... చప్పుడవుతోందని చేతి కింద గుడ్డ పెట్టానండీ. నా చేత్తో నేనే పెట్టాను."

ముసలావిడ చాప కూడా చుట్టలేదు. ఆమె రెక్క పట్టుకుని లేచింది. "ఏడవడం తర్వాత. పద."

సగంనిద్ర గేటు దగ్గర కళ్లు నులుముకుంటూ చూశాడు. లోపలికి ఒక మనిషి వెళ్లింది, ఇద్దరు బయటికి వస్తున్నారు. ఆ రాత్రి ఇంకతనికి ఆ సగం నిద్ర కూడా పట్టలేదంటారు.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిది దాటింది. పక్కింటి పిన్ని గుమ్మంలోనే ఎదురైంది. "ఒక్క చెంచా ముట్టలేదే తల్లీ. ఇప్పుడు నీళ్లు కూడా వద్దంటోంది."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. మేస్త్రమ్మ ముందు ఆ తువ్వాలు లాగి అవతల పారేసింది.

ముసలావిడ మంచం పక్కన కూర్చుంది. అమ్మ చూసింది, కొత్త మనిషిని చూసినట్టే చూసి కళ్లు మూసుకుంది. ఎలా తెలుస్తుంది? ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు.

ముసలావిడ మంచం పట్టె మీద కొట్టింది. ఒకటి, రెండు... ఆరు.

అమ్మ కళ్లు తెరుచుకున్నాయి.

నాలుగు, ఒకటి. నాలుగు, అయిదు. తిన్నా.

అమ్మ ఎడమ చెయ్యి లేచి, ఆ ముసలి మొహాన్ని తడిమింది. నుదురు, కళ్లజోడు, దారం ముడి. ఇద్దరికీ కన్నీళ్లు కారుతున్నాయి, ఎవరూ తుడుచుకోలేదు. మేస్త్రమ్మ గబగబా పాలలో రొట్టె నానబెట్టి తెచ్చింది. ముసలావిడ ఎడమ చేతిని అమ్మ మెడ కింద పెట్టి తల ఎత్తింది. కుడి చేత్తో చెంచా అందించింది.

అమ్మ పెదవులు విడివడ్డాయి... మళ్లీ బిగుసుకున్నాయి.

పట్టె మీద ఆమె వేళ్లు కదిలాయి. ఒకటి... రెండు... మూడు... ఏడు దాకా. ఆగింది. గోడ వంక చూసింది.

"చిన్నదాన్ని అడుగుతోంది. అది తినకుండా ఈవిడ తినదు" అని గుసగుసలాడింది ముసలావిడ.

"మీరే కొట్టండి పెద్దమ్మా, తిన్నానని."

"నా చేతులు కనబడుతున్నాయిగా. గోడలోంచి రావాలి. ఆ గోడకి అవతల ఏముంది?"

రంగు డబ్బాలు పెట్టుకునే కొట్టు ఉంది. మేస్త్రమ్మ ఇంకేమీ అడగలేదు. చుట్టూ తిరిగి వెళ్లి, చీకట్లో డబ్బాలు తన్నుకుంటూ, గోడకి అరచెయ్యి ఆనించి నిలబడింది. చచ్చిపోయిన పిల్ల పేరు మీద అబద్ధం చెప్పబోతున్నానని ఒక్క క్షణం చెయ్యి ఆడలేదు. కానీ అవతల ఉన్నది అమ్మ ప్రాణం.

కొట్టింది. నాలుగు... ఒకటి. నాలుగు... అయిదు.

చెవి ఆనించి వింది. చెంచా చప్పుడు లేదు. పిన్ని నిట్టూర్పు మాత్రం వినబడింది. మళ్లీ కొట్టనా? గట్టిగా కొట్టనా? పిడికిలి ఎత్తింది.

అప్పుడు ఆమె అరచేతి కింద గోడ మోగింది.

నాలుగు... ఒకటి.

నెమ్మదిగా, కొత్తగా నేర్చుకున్నవాళ్లు తప్పు పోకుండా జాగ్రత్తగా కొట్టినట్టు.

మూడు... అయిదు.

అవతలి నుంచి ముసలావిడ ఏదో సైగ చేస్తోందనుకుంది మేస్త్రమ్మ. ఏం సైగో అర్థం కాలేదు. ఇంతలో గోడ అవతల ఒక చప్పుడు — నెల్లాళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ వినని చప్పుడు. అమ్మ నవ్వింది. వంకర తిరిగిన నోటితో, గొంతులోంచి, గురగురమంటూ నవ్వింది.

ఆమె పరుగెత్తుకు వచ్చేసరికి అమ్మ రొట్టె నములుతోంది. పాలు గడ్డం మీద కారుతున్నాయి.

ముసలావిడ తల తిప్పకుండానే అంది, "ఎంత తెలివైనదానివమ్మా! మొదటిసారి కొట్టినప్పుడు తల అడ్డంగా ఊపేసింది, అది దాని చెయ్యి కాదని. రెండోసారి మూడు, అయిదు కొట్టావు చూడు, అప్పుడు నమ్మింది. 'న' కొట్టమంటే 'ణ' కొట్టేది పిచ్చిది. 'తిణ్ణా' అనేది. ఎంత ఏడిపించేవాళ్లమో!" కొంచెం ఆగింది. "అవునూ, ఏ అక్షరం తప్పు కొట్టేదో నీకు నేను చెప్పలేదే?"

"నేను కొట్టింది ఒక్కసారేనండీ" అంది మేస్త్రమ్మ. "రెండోది... మీరు కాదా?"

ముసలావిడ తన చేతుల వంక చూసుకుంది. ఆవిడ ఎడమ చెయ్యి అమ్మ మెడ కింద ఉంది. కుడి చేతిలో చెంచా ఉంది. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది, గోడకి చాలా దూరంగా.

అమ్మ మాత్రం ఎవరి వంకా చూడలేదు. గోడ మీద మెల్లగా చెయ్యి రాసి, తర్వాతి చెంచాకి నోరు తెరిచింది.